వ్యాయామం చేసేవాళ్లు ఏం తినాలి, దెబ్బ తగిలితే ఏం చేయాలి: తెనాలి, బాపట్ల, రేపల్లె యువతకు పూర్తి వివరాలు

తెనాలిలో కాలేజీ గ్రౌండ్లు, బాపట్లలో సూర్యలంక వెళ్లే రోడ్డు, రేపల్లె వైపు కాలువ కట్టలు. తెల్లారకముందే ఈ చోట్లన్నీ పరుగెత్తేవాళ్లతో, నడిచేవాళ్లతో కనిపిస్తాయి. కొందరు షుగర్ తగ్గించుకోవడానికి నడుస్తారు. కొందరు జిమ్‌లో బరువులెత్తుతారు. చాలామంది కుర్రాళ్లు, అమ్మాయిలు కానిస్టేబుల్ ఉద్యోగానికో, ఆర్మీ సెలక్షన్‌కో సిద్ధమవుతుంటారు. 1600 మీటర్ల పరుగు సమయంలోపు పూర్తిచేయలేకపోతే రాత పరీక్షకు చదివిన చదువంతా వృథా అయినట్టే.

క్రీడల్లో ఈ ప్రాంతానికి మంచి పేరే ఉంది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట్ రాహుల్ 2014 యూత్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో 85 కేజీల విభాగంలో మొత్తం 338 కేజీలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. అయితే అందరికీ కోచ్, ఫిజియో, డైటీషియన్ దొరకరు. ఎక్కువమంది స్నేహితుల మాటలు విని, ఫోన్లో వీడియోలు చూసి సొంతంగా మొదలుపెడతారు. అక్కడే రెండు తప్పులు జరుగుతున్నాయి. తిండి మీద పెట్టాల్సిన డబ్బు పౌడర్ డబ్బాల మీద పోతోంది. విశ్రాంతితో మానిపోయే చిన్న బెణుకు మాలిష్ వల్లో, తొందరపడి మళ్లీ పరుగెత్తడం వల్లో నెలల తరబడి వేధిస్తోంది.

ఒంటికి కావాల్సిన తిండిలో ఎక్కువ భాగం మన బజార్లోనే దొరుకుతుంది. దెబ్బ మానడానికి కావాల్సింది సరైన ప్రథమ చికిత్స, ఆ తర్వాత ఓపిక. ఆ వివరాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ప్రొటీన్ ఎంత కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు ఆరోగ్యవంతుడికి రోజుకు కేజీ శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కేజీల మనిషికి సుమారు 50 గ్రాములు. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకు కేజీకి 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా అవసరం పడుతుంది. అదే 60 కేజీల మనిషికి 72 నుంచి 96 గ్రాములు అన్నమాట. కేజీకి 1.6 గ్రాములు దాటి తిన్నా కండ పెరగడంలో అదనపు లాభం ఉండదని అదే సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని కూడా అందులో సూచించారు.

ఇంట్లో దొరికే వాటిలో ప్రొటీన్ సుమారుగా ఇలా ఉంటుంది:

- కోడిగుడ్డు ఒకటి: 6 గ్రాములు
- ఎముక లేని చికెన్ 100 గ్రాములు (పచ్చిది తూచితే): 20 నుంచి 22 గ్రాములు
- చేపలు 100 గ్రాములు (బొచ్చె, శీలావతి లాంటివి): 18 నుంచి 20 గ్రాములు
- పాలు ఒక గ్లాసు (200 మి.లీ.): 6 గ్రాములు
- పెసలు, మినపపప్పు, కందిపప్పు 100 గ్రాములు (ఎండువి): 21 నుంచి 24 గ్రాములు
- వేరుశనగ గుళ్లు ఒక గుప్పెడు (30 గ్రాములు): 7 గ్రాములు
- మీల్‌మేకర్ 30 గ్రాములు (ఎండుది): 15 గ్రాములు
- బియ్యం 100 గ్రాములు: 7 నుంచి 8 గ్రాములు

ఈ జాబితాలో ఖరీదైన డబ్బా ఒక్కటీ లేదు. డెల్టా మాగాణుల్లో వరి కోతలయ్యాక మినుము వేయడం ఇక్కడ తరాలుగా ఉన్న పద్ధతి. నిజాంపట్నం రేవు చేపలు రేపల్లెకు ఎంతో దూరం కాదు. పెసరట్టు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న టిఫినే. నానబెట్టిన పెసలు పొట్టుతో సహా రుబ్బి పోసే ఆ అట్టుకు ప్రొటీన్ విషయంలో ఇడ్లీ, ఉప్మా సాటిరావు.

అన్నం మానేయాలా?

జిమ్‌లో చేరిన మొదటి వారమే చాలామంది అన్నం మానేస్తారు. పరుగెత్తేవాళ్లకు ఇది నష్టం. పరుగుకు, బరువులెత్తడానికి కండరాలు ముందుగా వాడుకునేది పిండి పదార్థం నుంచి వచ్చే శక్తినే. అది సరిపోకపోతే కాళ్లు బరువెక్కుతాయి, తిన్న ప్రొటీన్ కూడా కండకు పోకుండా శక్తి కింద ఖర్చయిపోతుంది.

మనం ఇష్టంగా తినే సాంబా మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్ల వరి పరిశోధనా కేంద్రంలోనే పుట్టింది. 1986లో విడుదలైంది. ఆ అన్నంలో తప్పేమీ లేదు. కంచంలో కొండంత అన్నం, గరిటెడు పప్పు, అంచుకు ఆవకాయ అన్న లెక్కే మారాలి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు అన్నమో, చపాతీయో, జొన్న రొట్టెయో ఉండాలి. మిగతా పావు వంతు పప్పు, గుడ్డు, చేప, మాంసం లాంటివి. ఎక్కువ దూరం పరుగెత్తే రోజుల్లో అన్నం కొంచెం పెంచుకోవచ్చు. బరువు తగ్గాలనుకునేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి.

60 కేజీల బరువున్న కుర్రాడికి ఒక రోజు భోజనం

వ్యాయామానికి అరగంట, గంట ముందు: ఒక అరటిపండు, ఒక గ్లాసు నీళ్లు. ఖాళీ కడుపుతో పరుగు పడనివాళ్లకు ఇది చాలు.

పొద్దున టిఫిన్: రెండు పెసరట్లు (60 గ్రాముల పెసలు), రెండు ఉడికించిన గుడ్లు. ప్రొటీన్ దాదాపు 26 గ్రాములు.

మధ్యాహ్నం: అన్నం (120 గ్రాముల బియ్యం), ఆకుకూర పప్పు (30 గ్రాముల కందిపప్పు), ఒక కూర, చిన్న గిన్నెడు పెరుగు. దాదాపు 20 గ్రాములు.

సాయంత్రం: గుప్పెడు వేరుశనగ గుళ్లు లేదా ఒక కప్పు శనగ గుగ్గిళ్లు. 7 గ్రాములు.

రాత్రి: మూడు చపాతీలు లేదా కొంచెం అన్నం, 100 గ్రాముల చేప లేదా చికెన్, పడుకునే ముందు గ్లాసు పాలు. దాదాపు 35 గ్రాములు.

మొత్తం 88 గ్రాముల చొప్పున పడుతుంది. ఒక్క చెంచా పౌడర్ అవసరం రాలేదు. శాకాహారులు చేప బదులు మీల్‌మేకర్ కూర, గుడ్ల బదులు పనీరు, పాలు, ఇంకొంచెం పప్పు తీసుకుంటే లెక్క దగ్గరకొస్తుంది. ప్రొటీన్ అంతా రాత్రి ఒక్కపూటే తినడం కన్నా మూడు నాలుగు పూటలకు పంచుకోవడం మేలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

అమ్మాయిలు ముఖ్యంగా చూసుకోవాల్సినవి

ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. కానిస్టేబుల్ సెలక్షన్‌కు పరుగెత్తే అమ్మాయి ఎంత ప్రాక్టీస్ చేసినా టైమింగ్ తగ్గడం లేదంటే, మెట్లెక్కినా ఆయాసం వస్తోందంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రిలో ఇది ఉచితమే. లోపం ఉంటే డాక్టర్ ఐరన్ మాత్రలు రాస్తారు.

తిండిలో ఐరన్ కోసం కాలేయం, మాంసం, తోటకూర, గోంగూర, శనగలు, నువ్వులు తీసుకోవాలి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తెనాలి నిమ్మ మార్కెట్ పక్కనే ఉన్నవాళ్లకు ఇది కష్టం కాదు. భోజనం అవగానే టీ తాగితే అదే ఐరన్ వృథా అవుతుంది. కనీసం గంట ఆగాలి.

తిండి బాగా తగ్గించి, ఎక్కువ పరుగెత్తి, నెలసరి ఆగిపోతే "ఫిట్ అయిపోయాం" అనుకోవడం ప్రమాదం. శరీరానికి శక్తి చాలడం లేదని దాని అర్థం. అలాగే కొనసాగితే ఎముకలు బలహీనపడతాయి. రాగి జావ, పాలు, పెరుగు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు కాల్షియానికి మంచివి. వరుసగా మూడు నెలలు నెలసరి రాకపోతే డాక్టర్‌కి చూపించుకోవాలి.

నీళ్లు, ఉప్పు, ఓఆర్‌ఎస్

బాపట్ల, రేపల్లె సముద్రానికి దగ్గర. గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమ గాలిలో చెమట కారుతుంది గానీ త్వరగా ఆరదు. అందుకే ఇక్కడ 35 డిగ్రీల ఎండ కూడా పొడి గాలి ఉన్న ఊళ్లలో 40 డిగ్రీల కన్నా ఎక్కువ అలసట తెప్పించవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపే పరుగు ముగించడం మంచిది.

వ్యాయామానికి రెండు గంటల ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగాలి. గంట లోపు వ్యాయామానికి మామూలు నీళ్లే చాలు. గంట దాటితే మధ్యమధ్యలో కొంచెం కొంచెం తాగుతుండాలి. అయ్యాక ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు చక్కెర కలిపిన నిమ్మరసం, కొబ్బరి నీళ్లు బాగుంటాయి. మూత్రం లేత పసుపులో ఉంటే నీళ్లు సరిపోయినట్టు, ముదురు పసుపైతే చాలనట్టు. వ్యాయామానికి ముందు, తర్వాత బరువు చూసుకుంటే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. ఒక కేజీ తగ్గితే తర్వాతి కొన్ని గంటల్లో లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా తాగాలి. అలాగని దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. అదీ ప్రమాదమే.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడాలి. చక్కెర ఎక్కువున్న డబ్బా పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ, ఆ ఫార్ములా లేని పానీయాల మీద ఆ మాట వాడొద్దని ఆదేశించింది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, ఎక్కువ తక్కువ కాకుండా కలుపుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కొబ్బరి నీళ్ల విషయంలో, షుగర్, బీపీ ఉన్నవాళ్లు చక్కెర, ఉప్పు కలిపిన పానీయాల విషయంలో ముందే డాక్టర్‌ని అడగాలి.

రోజా, ఉపవాసం, దీక్ష రోజుల్లో

రంజాన్‌లో పగలంతా నీళ్లు కూడా ముట్టరు కాబట్టి ఎండలో పరుగు, భారీ బరువులు వద్దు. తేలికపాటి నడక, సాగదీసే వ్యాయామాలు ఇఫ్తార్‌కు అరగంట ముందు పెట్టుకుంటే అయిపోగానే నీళ్లు తాగే వీలుంటుంది. గట్టి వ్యాయామం చేయాలనుకుంటే ఇఫ్తార్ అయిన గంటన్నర, రెండు గంటల తర్వాత చేసుకోవచ్చు. ఆ నెలలో కొత్త రికార్డుల మీద దృష్టి పెట్టకుండా ఉన్న బలం నిలుపుకుంటే చాలు.

సహరీలో గుడ్లు, పెరుగు, పప్పు, చపాతీ లాంటివి నెమ్మదిగా అరిగి ఎక్కువసేపు ఆదుకుంటాయి. పచ్చళ్లు, ఉప్పు చేపలు దాహం పెంచుతాయి. ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, నీళ్లు, పండ్లతో మొదలుపెట్టి కాసేపాగి భోజనం చేయాలి. సమోసాలు, పకోడీలు కడుపు నింపుతాయే గానీ కండకు పనికిరావు. గోధుమ, పప్పులు, మాంసం కలిసిన హలీంలో మంచి ప్రొటీన్ ఉంటుంది, నెయ్యి మీద మాత్రం కన్నేసి ఉంచాలి. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా ఎనిమిది పది గ్లాసుల నీళ్లు విడతలవారీగా తాగాలి.

కార్తీక సోమవారాలు, ఒంటిపూట భోజనం చేసే మాల దీక్షలప్పుడు కూడా సూత్రం ఇదే. తినే పూటకు దగ్గరగా వ్యాయామం, మిగతా సమయం తేలిక నడక. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడి మోతాదు మార్చుకోవాలి.

పౌడర్లు, ఇంజెక్షన్లు

వే ప్రొటీన్ విషం కాదు. పాల నుంచి తీసిన పొడే. తిండితో లెక్క పూర్తికాని వాళ్లకు సౌకర్యంగా ఉంటుంది, అంతే. ఇబ్బంది నాణ్యతతోనే. కేరళ డాక్టర్లు మన దేశంలో అమ్ముడవుతున్న 36 ప్రొటీన్ సప్లిమెంట్లను పరీక్షించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్‌కు, లోపల ఉన్నదానికి పొంతన లేదని తేలింది. కొన్నిటిలో బూజు విషాలు కూడా కనిపించాయి. తప్పనిసరైతే లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు చూసి, బిల్లు తీసుకుని కొనాలి. విడిగా కవర్లో పోసి ఇచ్చే పొడి అసలు కొనకూడదు.

స్టెరాయిడ్లు, మెఫెంటర్‌మైన్ లాంటి ఇంజెక్షన్ల విషయం వేరు. మెఫెంటర్‌మైన్ అనేది ఆపరేషన్ థియేటర్లో పడిపోయిన బీపీని పెంచడానికి వాడే మందు. "అలసట తెలియదు" అంటూ జిమ్‌లలో దీన్ని ఎక్కించుకుంటున్నారు. గుండె లయ తప్పి ప్రాణం మీదకొస్తుంది. స్టెరాయిడ్ల వల్ల కాలేయం, గుండె దెబ్బతింటాయి, సంతానం కలగకపోయే ముప్పు ఉంది. ఒకే సూది పంచుకుంటే హెపటైటిస్, హెచ్‌ఐవీ భయం. డాక్టర్ చీటీ లేకుండా ఎవరు ఇంజెక్షన్ ఇస్తామన్నా వద్దని చెప్పాలి.

నొప్పి అంతా దెబ్బ కాదు

కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన మర్నాడు, ఎల్లుండి ఒళ్లంతా పట్టేసినట్టు ఉండటం మామూలే. రెండువైపులా సమానంగా ఉంటుంది, కదులుతుంటే తగ్గుతుంది, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. మందు అక్కర్లేదు.

పిక్క పట్టేస్తే కాలు చాపి, పాదం వేళ్లను ఒంటి వైపు లాగి పట్టుకోవాలి. నిమిషంలో వదులుతుంది.

బెణుకు అంటే కీలు దగ్గరి బంధనాలు సాగడం లేదా చినగడం. చీలమండలో ఎక్కువ. కండరం చినిగితే పరుగు మధ్యలో తొడ వెనక ఎవరో కొట్టినట్టు ఒక్కసారిగా నొప్పి వస్తుంది. కబడ్డీలో మోకాలు మెలితిరిగి "టప్"మని శబ్దం వచ్చి, గంటల్లోనే వాచిపోతే లోపలి బంధనం తెగి ఉండొచ్చు. పిక్క ముందు ఎముక మీద ఒకేచోట వేలు పెడితే నొప్పి, రాత్రుళ్లు కూడా నొప్పి ఉంటే ఎముకలో సన్న పగులు ఉందేమో చూడాలి. తారు రోడ్డు మీద ఒక్కసారిగా దూరం పెంచినవాళ్లలో ఇది ఎక్కువ.

మొదటి మూడు రోజులు ఏం చేయాలి?

ముందు ఆట ఆపేయాలి. "ఇంకో రౌండ్ కొడతా" అన్న ఒక్క మాటే వారం దెబ్బను రెండు నెలల దెబ్బగా మారుస్తుంది.

ఐసు ముక్కల్ని తడి గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టాలి. మొదటి రోజు రెండు మూడు గంటలకోసారి పెట్టుకోవచ్చు. ఐసు నేరుగా చర్మం మీద పెట్టకూడదు. ఐసు నొప్పిని తగ్గిస్తుందే గానీ దెబ్బను త్వరగా మాన్పదు. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్ కూడా ఐసు, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయొచ్చని తర్వాత ఒప్పుకున్నారు. కాబట్టి గంటల తరబడి పెట్టాల్సిన పనిలేదు.

క్రేప్ బ్యాండేజీని వేళ్ల వైపు నుంచి పైకి చుట్టాలి. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పి వదులుగా కట్టాలి. పడుకున్నప్పుడు కాలి కింద దిండ్లు పెట్టి గుండె కన్నా ఎత్తులో ఉంచాలి.

మొదటి రెండు మూడు రోజులు వేడి కాపడం, వేడి నూనె మాలిష్, మద్యం, పరుగు వద్దు. నాలుగూ లోపలి రక్తస్రావాన్ని, వాపును పెంచుతాయి. వాపు దిగాక గోరువెచ్చని కాపడం హాయిగానే ఉంటుంది.

నొప్పికి మొదట పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఖాళీ కడుపుతో, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు వేసుకుంటే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పి మాత్ర వేసుకుని అదే రోజు పరుగెత్తడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నొప్పి అనేది ఆగమని చెప్పే గంట. ఆ గంట నోరు నొక్కేసి పరుగెత్తినట్టే అది.

గీరుకుపోతే, సూర్యలంక ఇసుకలో గవ్వ గుచ్చుకుంటే ముందు ధారగా పడే నీళ్లతో, సబ్బుతో బాగా కడగాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టకూడదు. మురికి గాయమై, ధనుర్వాతం టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

నాటు కట్టు సంగతి

ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకు రాని తెలుగు కుటుంబం ఉండదు. ఖర్చు తక్కువ, ఆపరేషన్ భయం లేదు అన్న నమ్మకం అటు నడిపిస్తుంది. ఎముక కదలకుండా ఉన్న చిన్న పగుళ్లు ఏ కట్టుతోనైనా మానొచ్చు. కానీ లోపల ఎముక పక్కకు జరిగిందో, కీలులోకి పగులు పోయిందో చేత్తో తడిమి చెప్పలేం. ఎక్స్‌రే తప్పనిసరి. బిగుతుగా కట్టిన కట్టు లోపల వాపు పెరిగితే రక్తం ఆగి కండరం చచ్చిపోతుంది. ఆలస్యమైతే చెయ్యో కాలో తీసేయాల్సిన పరిస్థితి కూడా వస్తుంది. కట్టు కట్టాక నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, వేళ్లు కదిపితే భరించలేనంత నొప్పి ఉంటే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లి కట్టు విప్పించాలి.

కీలు జారితే మైదానంలోనే స్నేహితులు లాగి సరిచేయడం మన దగ్గర మామూలు. నరాలు, రక్తనాళాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. చేతిని ఉన్న స్థితిలోనే తువ్వాలుతో మెడకు కట్టి తీసుకెళ్లాలి.

ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి?

చీలమండ బెణికినప్పుడు ఎక్స్‌రే కావాలా వద్దా అని తేల్చడానికి డాక్టర్లు వాడే తేలిక పరీక్ష ఒకటుంది. దెబ్బ తగిలిన వెంటనే గానీ, తర్వాత గానీ నాలుగు అడుగులు వేయలేకపోతే, చీలమండకు రెండువైపులా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచున నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. పాదం మధ్య ఎముకల మీద నొప్పి ఉన్నా అంతే.

ఈ కింది వాటికి ఆలస్యం చేయకూడదు:

- ఎముక వంకర తిరగడం, కీలు ఆకారం మారడం
- దెబ్బ కింద భాగం తిమ్మిరెక్కడం, చల్లబడటం
- తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు, గుర్తులేకపోవడం. స్పృహ తప్పకపోయినా ఆ రోజు మళ్లీ ఆడకూడదు
- వ్యాయామంలో ఛాతీ బరువు, ఎడమ చేయి లాగడం, చెమటలు, కళ్లు తిరిగి పడిపోవడం
- మితిమీరిన వ్యాయామం తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం. చితికిన కండరాల వ్యర్థాలు కిడ్నీలకు చేరుతున్నాయని అర్థం
- ఎండలో ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడటం. నీడలోకి తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగిలేలా చేస్తూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. పెద్ద కేసులకు గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రి, మంగళగిరి ఎయిమ్స్ అందుబాటులో ఉన్నాయి. 108 అంబులెన్స్ ఉచితం.

మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

చిన్న బెణుకు ఒకటి నుంచి మూడు వారాల్లో, మధ్యరకం మూడు నుంచి ఆరు వారాల్లో మానుతుంది. పూర్తిగా తెగితే నెలలు పడుతుంది. తొడ వెనక కండరం చినిగితే రెండు నుంచి ఆరు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. అయితే క్యాలెండర్ కన్నా ఒంటి మాట వినడం ముఖ్యం. నొప్పి తగ్గిపోవడం, బలం తిరిగి రావడం ఒకటి కాదు.

రెండు మూడు రోజుల తర్వాత నొప్పి రానంత మేరకు కీలును మెల్లగా కదపడం మొదలుపెట్టాలి. మంచానికే అతుక్కుపోతే కండరం కరిగిపోతుంది. కుంటకుండా నడవగలిగాక ఒంటికాలి మీద అరనిమిషం నిలబడటం, మడమలెత్తడం చేయాలి. అది తేలికయ్యాక ఒంటికాలితో పది గెంతులు. అదీ నొప్పి లేకుండా అయితే నెమ్మది పరుగు, ఆ తర్వాతే వేగం, మలుపులు, కబడ్డీ. ఏ మెట్టు దగ్గర నొప్పి, వాపు వచ్చినా ఒక మెట్టు కిందకు దిగాలి. దెబ్బ మానే రోజుల్లో తిండి తగ్గించకూడదు. కొత్త కణజాలం తయారయ్యేది ఆ ప్రొటీన్‌తోనే.

దెబ్బ తగలకుండా

వారానికి దూరం గానీ బరువు గానీ సుమారు పది శాతం కన్నా ఎక్కువ పెంచకూడదు. నోటిఫికేషన్ పడ్డాక నెల రోజుల్లో సిద్ధమవుదామనుకునే వాళ్లకే ఎక్కువ దెబ్బలు. కనీసం మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి.

మెత్తటి ఇసుకలో పరుగు పిక్కల మీద, మడమ పైనరం మీద భారం పెంచుతుంది. సూర్యలంకలో పరుగెత్తేవాళ్లు మొదట తడి గట్టి ఇసుక మీద పది నిమిషాలతో మొదలుపెట్టాలి. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండు దిక్కులా సమానంగా పరుగెత్తాలి. కాలువ కట్టల మీద చీకట్లో వెళ్లేవాళ్లు టార్చి, మూసి ఉన్న బూట్లు మరవకూడదు. గుంతలకు, పాములకు అదే రక్ష.

మొదలుపెట్టే ముందు ఐదు పది నిమిషాలు నడక, నెమ్మది పరుగుతో ఒళ్లు వేడెక్కించాలి. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి, రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలి. కండ పెరిగేది జిమ్‌లో కాదు, తిని పడుకున్నప్పుడే. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు కొత్తగా గట్టి వ్యాయామం మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి.

సెలక్షన్ మళ్లీ వస్తుంది. మోకాలు మాత్రం మళ్లీ రాదు. ఈ నోటిఫికేషన్‌కు ఒక్క వారం ప్రాక్టీస్ పోయినా ఫర్వాలేదనుకున్నవాళ్లే ఎక్కువకాలం మైదానంలో నిలుస్తారు.

గమనిక: ఈ వివరాలు సాధారణ అవగాహన కోసం మాత్రమే. దెబ్బ తీవ్రంగా ఉన్నా, ఇతర జబ్బులున్నా డాక్టర్ సలహానే పాటించాలి.